పేరు మరీ పొడుగైంది

వులన్‌గాంగ్‌లో రాత్రి పదకొండు.
కొండ మీంచి దిగిన వాన
కారు షెడ్డు రేకు మీద పప్పులు వేయిస్తోంది.
నేను స్క్రిప్టు రాస్తున్నాను,
పదిహేడు వరసలు, మధ్యలో ఒక గానుగ:
ఈ సంచిలో ప్రతి ఫైలూ తియ్యి,
నష్టం లేకుండా కుదించు, పేరు మార్చు, పక్కన పెట్టు,
సంచి అడుగు కనిపించేదాకా తిరుగు.

సంచి భానోజీ గారిది.
పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపినాయన.
శనివారం సాయంత్రాలు అరగంట
కమ్యూనిటీ రేడియోలో తెలుగు తిప్పినాయన,
పందొమ్మిదేళ్ళు.
క్యాసెట్లు, మినీడిస్కులు, చివరికొక హార్డ్ డిస్కు.
దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి
గుడ్లు ఇచ్చినట్టు రెండు చేతులా ఇచ్చాడు.

స్క్రిప్టుకి తెలిసినవి మూడే ప్రశ్నలు:
ఎవరు పాడారు? ఏ ఆల్బమ్? ఏ సంవత్సరం?
ఆయన ఫైళ్ళకి ఆ మూడూ తప్ప అన్నీ తెలుసు.
"వరూధిని కూతురు మొదటిసారి మైకు ముందు, తుమ్మింది"
"గాలివాన, సగంలో కరెంటు పోయింది, మిగతాది వచ్చేవారం"
"వచ్చేవారం"
"వచ్చేవారం (ఇదే అసలుది)"
"ఇది వినకండి"

మొదట్లో నేను మహా తెలివిగా ఉన్నాను.
నిశ్శబ్దం రెండు సెకన్లు దాటితే కత్తిరించమన్నాను.
తెల్లారేసరికి లైబ్రరీ ఆరు గంటలు చిక్కిపోయింది.
ఒకటి తెరిచి విన్నాను.
తవిటమ్మ గారు పొడుపుకథ వేస్తోంది,
ప్రశ్న నోట్లో ఉండగానే జవాబొచ్చి పడింది.
ఆలోచించుకోండర్రా అని ఆవిడ ఆగిన ఆగడాన్ని
నా నాలుగో వరస తినేసింది.
పొడుపూ విడుపూ
ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరిలా
నుదుళ్ళు గుద్దుకున్నాయి.

అసలు కాపీ ఉంది కాబట్టి బతికాను.
ఆ వరస ముందు అడ్డగీతల గుర్తు పెట్టి
నోరు మూయించాను.

మళ్ళీ మొదటికి.
ఫ్యాను గొణుగుతోంది, అంకెలు పాకుతున్నాయి.
వెయ్యీ రెండువందల పద్నాలుగు ఫైళ్ళలో
ఒక్కటి మొరాయించింది.
తెర మీద ఎర్రగా: పేరు మరీ పొడుగైంది.

ఆ పేరు ఇది:
"బాయిలర్ షాపు అప్పలసూరి నైట్ షిఫ్టు దిగి తిన్నగా వచ్చి నిలబడే పాడిన తత్వం, బూట్లు విప్పలేదు, గొంతులో ఇంకా పొగ ఉంది, మళ్ళీ పాడమంటే నవ్వేశాడు"

ఈ యంత్రం లెక్కే వేరు.
ఇంగ్లీషు అక్షరానికి ఒక గది చాలు.
మనకి అక్షరానికి మూడు, గుడికి మూడు, వత్తు కింద దాగిన పొల్లుకి మూడు.
స్త్రీ అన్న ఒక్క అక్షరం
పద్దెనిమిది గదుల్లో కాపురం పెడుతుంది.
సత్రంలో ఉన్నవి మొత్తం రెండువందల యాభై అయిదు.

పొద్దున్నే ఫోను చేశాను. ఎక్కడ కొయ్యమంటారు?
"బూట్లకాడ కొయ్యకు" అన్నాడు.
ఎడమ చెవి క్రేనుకే ఇచ్చేశాడాయన,
ఫోను కుడికి మార్చుకున్న చప్పుడు.
"పొగకాడా వద్దు."
మరి నవ్వు?
"ఓలమ్మ, నవ్వు తీసేస్తే ఇంకేటుంటాది?"
అప్పలసూరి ఎక్కడున్నాడని నేనడగలేదు.
ఆయనా చెప్పలేదు. కెటిల్ ఈల వేస్తే పెట్టేశాడు.

పైన ఉత్త అంకె పెట్టాను: ఎనిమిదివందల డెబ్బై ఏడు.
పేరు మొత్తం, కామాలతో సహా,
ఫైలు లోపల వ్యాఖ్య అనే అరలో దాచాను.
ఆ అరకి అంత పిసినారితనం లేదు.
ఎవరైనా తెరిస్తే కనిపిస్తుంది. తెరవకపోతే లేదు.

ఇప్పుడు వింటున్నాను.
మొదటి పదకొండు సెకన్లు బూట్లే,
చెక్క నేల మీద, ఇటు ఒకసారి, అటు ఒకసారి.
ఎవరో కుర్చీ జరుపుతారు, ఆయన వద్దంటాడు.

మినీడిస్కులు ఇంకా ముట్టుకోలేదు.
వాటి మీద పెన్సిల్ రాత.